పుచ్చకాయ దొంగ

మా నాయన దగ్గర రెండు రేకు డబ్బాలు ఉండేవి.
రెండిటి మీదా ఒకటే పేరు:
పుచ్చకాయ దొంగ.

మద్రాసు నుంచి రైలు పార్సిల్లో వచ్చిన బొమ్మల రీళ్ళు.
పెట్టె మీది ఇంగ్లీషు చదివించుకుని
గిరింపేట పెయింటరు కుప్పన్న
తెల్లరంగుతో తెలుగులో రాసిచ్చినాడు, రెండుసార్లు.
రెండోసారి దొంగలో సున్నా మర్చిపోయి
మళ్ళీ ఇరికించినాడు.

ఒక కంపెనీవాళ్ళ దొంగ ఎలుగ్గొడ్డు.
బోండా మాదిరి గుండ్రం.
అడుగేస్తే డోలు, జారితే సన్నాయి.
గోడకు కొట్టుకుని చపాతీ అయిపోయి
మళ్ళీ ఉబ్బి లేస్తుంది.

ఇంకో కంపెనీ యాడో మంచుదేశంలోది.
వాళ్ళ దొంగ ఒక ముసలామె.
మనిషంతా కలిపి నాలుగు గీతలు.
వెనక తోట లేదు, ఆకాశం లేదు,
బూడిదరంగు కాగితం.
కాయ చంకన పెట్టుకుని నడుస్తా ఉంటుంది,
నడుస్తానే ఉంటుంది,
మా ప్రొజెక్టరు గరగరే ఆమెకు సంగీతం.

ఇద్దరూ ఒకరినొకరు ఎరగరు.
పుచ్చతీగ పాకిన ప్రతి ఊళ్ళో
ఒక దొంగ పుడతాడని నాయన అనేవాడు.
గుర్తుకు, ఎలుగ్గొడ్డు డబ్బాకు ఎర్రదారం.
ముసలామెకు ఏమీ లేదు.

పెనుమూరు బడిలో దారం జారిపోయింది.
పోయినేడు ఎలుగ్గొడ్డును చూసిన పిలకాయలు
దుప్పటి తెర మీద ముసలామెను చూసి
"ఇది కాదు సార్, ఇది కాదు" అని అరిచినారు.
హెడ్మాస్టరు ఏకాంబరం సారు రసీదు విప్పి చూసుకున్నాడు.
పేరు సరిగ్గానే ఉండాది.
అయినా పదహైదు రూపాయల్లో ఐదు కోత.

నాకది నవ్వులాట కాదు.
మా తరగతిలో ముగ్గురు రెడ్డెమ్మలం,
ముగ్గురమూ కొండమ్మకు మొక్కుకుంటే పుట్టినోళ్ళమే.
పి. రెడ్డెమ్మ మామిడికాయల లారీ ఎక్కి బడికొస్తుంది.
కె. రెడ్డెమ్మకు లెక్కలొచ్చు.
ఎం. రెడ్డెమ్మ నేను.
కె. చేసిన లెక్కకు ఒకసారి
నాకు చప్పట్లు కొట్టించినారు.
నేను కాదని చెప్పలేదు.
ఆ పుచ్చకాయ ఇంకా నా చంకలోనే ఉండాది.

బంగారుపాళెంలో రీలు ఇరుక్కుని
ఎలుగ్గొడ్డు బల్బు వేడికి బొబ్బలెక్కింది,
సరిగ్గా కాయ కోయబోయే చోట.
ఆ రాత్రి నాయన అన్నం చల్లారబెట్టి,
కత్తెర, గమ్ము ముందరేసుకుని,
ఎలుగ్గొడ్డు పరుగుకు
ముసలామె నడకను అతికించినాడు.
"పేరొకటే కదా, ఎవరడగబోతారు."

అడిగినాడు ఒక పిల్లోడు.
యాదమరి బడి, ముందు వరస, నిక్కరుకు గుండీ లేదు.
"బొమ్మలాయనా, ఎలుగ్గొడ్డు యాడికి పోయింది?"
నాయన రీలు చుట్టుకుంటా చెప్పినాడు:
"తిరపతి గంగజాతర చూళ్ళేదా?
అటుమొన్న బైరాగి, మొన్న బండ,
నిన్న తోటి, ఈ పొద్దు దొర.
వేషం మార్చింది, అంతే."
పిల్లోడు ఒప్పుకోలేదు.
"అట్లయితే డోలెందుకు ఆగిపోయింది?"

చిత్తూరు దాకా సైకిలు తొక్కుతా
నాయన అదే తలపోసుకున్నాడంట.
మొగిలప్పంటే ఏ ఊళ్ళోనూ తెలీదు,
బొమ్మలాయనంటే అందరికీ తెలుసు.
బొమ్మలాయనకు జవాబు దొరకలేదు.

నాయన పోయినాక ఒక డబ్బానే మిగిలింది.
మూత తీస్తే చెడిపోయిన ఊరగాయ పులుపు,
రీలంతా వంకర్లు.
నిన్న మధ్యాన్నం మిద్దెక్కి ఎండకెత్తి చూసినాను.
అతుకు దొరికింది.
గమ్ములో నాయన బొటనవేలి ముద్ర గట్టిపడి ఉండాది.
ఈ పక్క బొద్దుకాలు, గాల్లో.
ఆ పక్క గీతకాలు, నేల మోపబోతా.
నడిమిన ఒక ఖాళీ గడి.

కిందికి దిగొచ్చి
కె. రెడ్డెమ్మ ఫోన్ నంబరు కోసం
పాత స్నేహితురాలు దేశమ్మకు చేసినాను.
"ఏ రెడ్డెమ్మ?" అనింది.